ఒంటరివాళ్ళ లైను

బస్సు డిపోలో డ్యూటీ చార్టు వేసే అతన్ని అందరూ గళ్ళాయన అనేవారు. నూట నలభై మంది డ్రైవర్లు, తొంభై రెండు బస్సులు, వారానికి ఏడు రోజులు. వీటన్నిటినీ ఒక్క కాగితం మీద గళ్ళు గీసి, ఏ గడీ ఖాళీ లేకుండా, ఒకే గడిలో ఇద్దరు పడకుండా సర్దడం అతని పని. ఇద్దరు పడితే దాన్ని డిపోలో ‘డబుల్’ అంటారు. డబుల్ పడితే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఒకణ్ణి పీకి అవతల వెయ్యాలి. పదహారేళ్ళ ఉద్యోగంలో గళ్ళాయన కాగితం మీద ఎర్ర సున్నా పడింది రెండే రెండుసార్లు. ‘ఈయన కన్ను పడితే శవం కూడా లేచి డ్యూటీ ఎక్కాల్సిందే’ అని డ్రైవర్లు వెనకాల అనుకునేవారు. ముందర మాత్రం, సెలవు అవసరం కాబట్టి, సార్ అనేవారు.

అలాంటి మనిషి పది రోజులుగా కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలియడం లేదు. కారణం యూరప్‌లో ఒక ఆటల పార్కులో ఉన్న బొమ్మల కోట.

కోట సంగతి ఎత్తింది అతని భార్య. ఆవిడ బ్రెడ్డు ఫ్యాక్టరీలో పిండి కలిపే విభాగంలో పని చేస్తుంది. అక్కడి గోడ మీద, ఓవెన్లు అమ్మిన కంపెనీవాళ్ళిచ్చిన క్యాలెండరు ఒకటుంది. ఏళ్ళు మారినా దాన్ని ఎవరూ తీయలేదు. దాని మీద రంగురంగుల కోట, కోట చుట్టూ మెలికలు తిరిగిన పట్టాలు, పట్టాల మీద తలకిందులుగా పోతున్న చిన్న రైలు, అందులో జంటలు జంటలుగా మనుషులు. అందరూ నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నారు.

"వాళ్ళని ఎవరూ ఏమీ అనడం లేదు చూశారా?" అంది ఆవిడ ఒకరోజు. "నాకు అలా ఒక్కసారి గట్టిగా అరవాలని ఉందండీ. పక్కన మీరుండాలి."

వినడానికి చిన్న కోరికే. ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడి ఎనిమిదేళ్ళయిందని తెలిస్తేనే దాని బరువు తెలుస్తుంది.

పెళ్ళయిన ఏడాదికి గళ్ళాయన తండ్రి మంచాన పడ్డాడు. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేవాడు. మనిషి దగ్గర లేకపోతే ఊపిరాడనట్టు చేసేవాడు. అందుకని కొడుకూ కోడలూ షిఫ్టులు పంచుకున్నారు. ఆవిడది తెల్లవారుజామున ఐదు నుంచి ఒంటిగంట దాకా. అతనిది రెండు నుంచి పది దాకా. ఆవిడొచ్చి బెల్లు కొడితే అతను తలుపు తీసేవాడు. గుమ్మంలోనే మందులెప్పుడిచ్చిందీ, ఎంత తిన్నదీ గుసగుసగా అప్పచెప్పి మెట్లు దిగేవాడు. రాత్రి అతనొచ్చి బెల్లు కొడితే ఆవిడ సగం నిద్రలో తలుపు తీసి మళ్ళీ పడుకునేది. ఆరేళ్ళు అలా గడిచాయి. పెద్దాయన పోయి రెండేళ్ళయింది. షిఫ్టులు మాత్రం అలాగే ఉండిపోయాయి. నూట నలభై మంది బతుకులు సర్దే మనిషికి, తన పేరు ఒక గడిలోంచి తీసి ఇంకో గడిలో వేసుకోవాలని ఒక్కనాడూ తోచలేదు. ఆవిడా అడగలేదు.

ఇప్పుడు అడిగింది. ఆవిడ ఫోన్లో కనుక్కుంటే, ట్రావెల్స్ ఆఫీసులో అమ్మాయి విమానం సీట్లూ, కోట పక్క హోటల్లో గదీ శనివారం సాయంత్రం ఆరింటిదాకా పట్టి ఉంచింది. ఆలోగా సరే అంటే సరే, లేకపోతే లేదు.

గళ్ళాయన తన తీరులో పనిలోకి దిగాడు. ఇంకా టిక్కెట్టు చేతికి రాలేదు, అప్పుడే నాలుగు రోజుల చార్టు సిద్ధమైంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పావుగంటకొక గడి. ఏ ఆటకి ఏ పూట జనం తక్కువ, ఏది ఎండలో, ఏది నీడలో, ఎక్కడ మంచినీళ్ళు, ఎక్కడ మరుగుదొడ్డి, అన్నీ నాలుగు రంగుల్లో. గురువారం ఒంటిగంటా ఇరవైకి ఆవిడ బెల్లు కొట్టగానే తలుపు తీసి, కాగితం చేతిలో పెట్టి, మొదటిసారి మార్కులు చూపించే పిల్లాడిలా పక్కన నిలబడ్డాడు.

ఆవిడ జుట్టులో పిండి ఇంకా దులపలేదు. గుమ్మంలోనే నిలబడి చదివింది. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి.

"మొదటి రోజు పదిన్నరకి నేనెక్కడున్నాను?"

"పట్టాల రైలు లైన్లో."

"మీరు?"

"సంచి దగ్గర."

"పదకొండుకి?"

"నువ్వు సంచి దగ్గర. నేను ఒంటరివాళ్ళ లైన్లో." అతని గొంతులో ఉత్సాహం వచ్చింది. "అదే దీంట్లో కిటుకు. ఒక్కొక్కళ్ళుగా ఎక్కేవాళ్ళకి అక్కడ వేరే లైనుంటుంది. ఎక్కడ ఒక సీటు మిగిలితే అక్కడ కూర్చోబెడతారు. జంటగా అయితే గంటన్నర నిలబడాలి. ఇలా అయితే ఇరవై నిమిషాలు. నాలుగు రోజుల్లో ఇద్దరికీ కలిపి పదకొండు గంటలు మిగిల్చాను!"

"మిగిల్చి?"

"ఇంకో ఆరు ఆటలు పెట్టాను."

ఆవిడ కాగితం మడిచింది. "అంటే పెళ్ళాన్ని వెంటేసుకుని, దేశాలు దాటి వెళ్ళి, పెళ్ళికానివాడిలా లైన్లో నిలబడతారన్నమాట. నేనేమో ఎవరో ముక్కూమొహం తెలియనివాడి పక్కన కూర్చుని అరవాలి."

"అది కాదే. సంచి ఎవరో ఒకరు చూడాలి కదా. పాస్‌పోర్టులుంటాయి."

"అక్కడ లాకర్లున్నాయని ఫోన్లో నేనూ చదివాను."

"మనిషుండగా లాకరెందుకని..."

"ఆహా." ఆవిడ నవ్వింది. అది మంచి నవ్వు కాదు. "తొమ్మిదేళ్ళ నుంచి నేనెవరో ఇవాళ తెలిసింది. నేను మీ లాకర్ని. మీరు నా లాకరు. ఒకళ్ళొస్తే ఒకళ్ళు పోవడమేగా! ఈ చార్టులో నాలుగు రోజుల్లో మనమిద్దరం ఒక్కచోట ఉన్న గడి చూపించండి. ఒక్కటి చాలు."

అతను వెతికాడు. వేలు పెట్టి వెతికాడు. పొద్దున టిఫిన్ దగ్గర కూడా, ఆవిడ తింటుంటే అతను బస్సు లైన్లో చోటు పట్టి ఉన్నాడు. రాత్రి బాణసంచా దగ్గర ఆవిడ ముందర చోటు కాపలా కాస్తుంటే అతను నీళ్ళ సీసాల కోసం వెళ్ళాడు.

"శనివారం ఆరింటికి ఆ అమ్మాయికి వద్దని చెప్పేస్తాను" అంది ఆవిడ లోపలికి వెళుతూ. "ఇంట్లో ఉండి విడివిడిగా బతకడం మనకి వచ్చుగా. దానికి విమానం ఎందుకు?"

ఆ మధ్యాహ్నం డిపోలో గళ్ళాయనకి పెన్ను నిలవలేదు. సెలవు చీటీ ఇవ్వడానికి వచ్చిన పెద్ద డ్రైవరు, ఏడో నంబరు బస్సు నడిపే బ్రేకుల బాబాయి, బల్ల మీది రంగుల కాగితాన్ని తిప్పి చూశాడు.

"ఏ రూటు సార్ ఇది? కోట, గుహ, పడవ... కొత్త స్టాపులా?"

"అది నా సొంతం. మేమిద్దరం ఊరెళ్ళడానికి."

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. "సార్, తప్పుగా అనుకోకండి. ఇది మొగుడూ పెళ్ళాం చార్టులా లేదు, ఒకే బండికి వేసిన ఇద్దరు డ్రైవర్ల చార్టులా ఉంది. ఒకడు దిగితేగానీ రెండోవాడు ఎక్కడు."

"నీ సెలవు చీటీ ఇటివ్వు" అన్నాడు గళ్ళాయన.

బాబాయి వెళ్ళాక కొత్త కాగితం తీశాడు. పట్టాల రైలు గడిలో రెండు పేర్లూ రాయడానికి మూడుసార్లు పెన్ను పెట్టాడు. మూడుసార్లూ రెండో పేరు దగ్గర చెయ్యి ఆగింది. నాలుగోసారి రాశాడు కానీ, రాయగానే అలవాటైన వేళ్ళు ఎర్ర పెన్ను కోసం తడిమాయి. తన చేతిని తనే చూసుకుని భయపడ్డాడు.

కాగితం పక్కన పెట్టి, డిపో అసలు చార్టు తీసి, శనివారం కింద తన పేరుకి ఎదురుగా సగంరోజు సెలవు రాసుకున్నాడు. పదహారేళ్ళలో అదే మొదలు. చీటీ ఎవరికివ్వాలో తెలియక తనకే ఇచ్చుకుని, తనే సంతకం పెట్టాడు.

శనివారం ఒంటిగంటా ఇరవైకి తలుపు తీసి, గుమ్మంలోంచి తప్పుకుని, మెట్లు దిగకుండా అక్కడే నిలబడిపోయాడు.

"వెళ్ళరేం?" అంది ఆవిడ.

"సెలవు పెట్టాను." కొత్త చార్టు చూపించాడు. "ప్రతి గడిలోనూ ఇద్దరం ఉన్నాం. ఒంటరివాళ్ళ లైను కొట్టేశాను."

ఆవిడ చూసింది. కోపం రాలేదు, సంతోషమూ రాలేదు. "కాగితం మీద ఎవరైనా ఉంటారండీ. నాలుగు రోజులు మీరు నా పక్కన ఉండగలరా? ఇప్పుడు చూద్దాం. ఇద్దరం బయటికెళ్దాం. ఇంటికి తాళం వేసి."

"తాళమా?"

ఆ మాట దగ్గరే బండి ఆగిపోయింది. ఆ ఇంటికి తాళం ఎక్కడుంది? ఎప్పుడూ ఎవరో ఒకరు లోపలుండే ఇల్లు. బయటి నుంచి తాళం వేసే అవసరమే రాలేదు. గూట్లో వెతికారు, మేకులకి వెతికారు, పాత మందుల డబ్బాలో వెతికారు. చివరికి పెద్దాయన మంచం కింది పెట్టెలో, నూనెగుడ్డలో చుట్టిన తాళం దొరికింది. చెవి దానికే దారంతో కట్టి ఉంది. చిలుము పట్టి తిరగలేదు. ఆవిడ వంటనూనె రెండు చుక్కలు వేసి, అరచేతుల మధ్య పిండిని నలిపినట్టు నలిపి నలిపి తిప్పింది. కటుక్కుమంది.

తాళం పడ్డాక ఇద్దరూ తలుపుకేసి కాసేపు చూశారు. ఏదో నేరం చేసినట్టుంది.

వీధి చివరకి రాకముందే గళ్ళాయన ఆగాడు. "కుళాయి కట్టావా?"

"కట్టాను."

"స్టవ్వు?"

"వెలిగిస్తేగా ఆర్పడానికి."

పది అడుగులు. "ఒకవేళ..."

"ఇంట్లో ఎవరూ లేరండీ" అంది ఆవిడ మెల్లగా. "రెండేళ్ళయింది."

అతను తలూపాడు. కానీ కాళ్ళు వినడం లేదు. టీ కొట్టు ముందు కూర్చున్నా మోకాలు కుట్టుమిషన్లా ఆడుతూనే ఉంది. చెప్పుకోవడానికి మాటలు కూడా లేవు. గుమ్మంలో పావుగంట మాట్లాడటం అలవాటైన నోళ్ళు, పావుగంట దాటగానే మూతపడ్డాయి. అరగంట గ్లాసులు తిప్పుకుంటూ కూర్చున్నారు. ఆవిడ ముఖంలో ఆశ కొంచెం కొంచెంగా ఆరిపోవడం అతనికి కనిపిస్తూనే ఉంది. ఏం చెయ్యాలో తోచక, తనకి తెలిసిన ఒక్క పని చేశాడు. టైము చూశాడు.

"నాలుగూ పదికి ఏడో నంబరు వస్తుంది. ఎక్కుదామా?"

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఆ చివరిదాకా వెళ్ళి మళ్ళీ రావడమే."

బస్సు వచ్చింది. బ్రేకుల బాబాయి అద్దంలోంచి చూసి కేకేశాడు. "సార్! డబుల్ పడిందే!"

"ముందు చూసి నడుపు" అన్నాడు గళ్ళాయన. చెవులు ఎర్రబడ్డాయి.

వెనక చక్రం పైనున్న సీటు మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. వంతెన దిగేచోట రోడ్డుకి ఒక గూని ఉంది. డిపోలో అందరికీ తెలిసిన గూని. అక్కడ వేగం తగ్గించాలని నోటీసు అంటించింది కూడా గళ్ళాయనే. ఆ రోజు బాబాయికి ఆ నోటీసు గుర్తు రాలేదు, లేదా బాగా గుర్తొచ్చింది. బస్సు ఎగిరింది. సీటు కిందికి పోయింది, మనుషులు పైన ఉండిపోయారు. ఆవిడ "ఓ!" అని అరిచింది.

గళ్ళాయన చెయ్యి దానంతటదే లేచింది. వేలు అతని పెదవుల మీదికి వెళ్ళింది. ‘ష్.’ ఎనిమిదేళ్ళ అలవాటు.

ఆవిడ ఆ వేలుకేసి చూసింది. నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆ వేలు ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు. బస్సు చివరి స్టాపులో కాసేపు ఆగి, తిరిగి బయల్దేరింది. వంతెన దగ్గర పడుతుండగా అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "బాబాయ్!" అని ముందుకి అరిచాడు. "స్పీడు తగ్గించకు!"

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. బాబాయి ఉత్తర్వు శిరసావహించాడు. గూని వచ్చింది. గళ్ళాయన నోరు తెరిచాడు. వచ్చింది అరుపు కాదు, దగ్గుకీ గొడ్డు పిలుపుకీ మధ్య ఏదో. ఆవిడ అరుపు మాత్రం అరుపే. బ్రెడ్డు ఫ్యాక్టరీ సైరనుకి సరిపోయేది. ముందు సీటులో పాప కూడా అందుకుంది.

"మీది ఏం అరుపండీ అది?" ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఆ కోట దగ్గర అలా అరిస్తే డాక్టర్ని పిలుస్తారు."

"మొదటిసారి కదే. అలవాటవుతుంది."

ఇంటికి వచ్చేసరికి ఆరుకి పది నిమిషాలు. మెట్లెక్కారు. గళ్ళాయన బెల్లు నొక్కి, పక్కకి జరిగి నిలబడ్డాడు. ఆవిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఇద్దరూ తలుపుకేసి చూస్తూ నిలబడ్డారు. లోపల బెల్లు మోగి ఆగింది. అతను ఇంకోసారి నొక్కాడు.

"ఎవరు తీస్తారనండీ?" అంది ఆవిడ.

అతను తాళం వైపు చూశాడు. ఆవిడ మెట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఫోను మోగింది. ట్రావెల్స్ అమ్మాయి.

ఆవిడ ఫోను అతనికిచ్చింది. "మీరే చెప్పండి."

"సార్, ఆరవుతోంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"ఉంచమ్మా. ఇద్దరం వస్తాం." అతను గొంతు సవరించుకున్నాడు. "అక్కడ లాకర్లు ముందే చెప్పుకోవచ్చా?"

"చెప్పుకోవచ్చు సార్. ఏ సైజు?"

"పెద్దది" అన్నాడు.

ఫోను పెట్టేశాక జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. తీసి, తాళంలో పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి, మళ్ళీ కుళాయా?"

"కాదు. ఆరూ ఐదుకి ఏడో నంబరు ఇంకో ట్రిప్పుంది. ఆ అరుపు ఇంకొంచెం సాధన చేస్తే..."

ఆవిడ చెప్పులు మళ్ళీ వేసుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. మూడు మెట్లు దిగాక అతను ఆగి, మళ్ళీ పైకెక్కి, తాళాన్ని ఒకసారి లాగి చూశాడు. కింద ఆవిడ నిలబడి చూస్తోంది. ఇంకోసారి లాగబోయి, మానేసి, దిగి వచ్చాడు.