పదును రోజు మీటింగు

వాన వెలిసిన రెండో రోజు పొద్దున రామేశ్వరమ్మ తన చేలో కూర్చుని రెండు వేళ్లు నేలలోకి గుచ్చింది. తీసి చూసింది. వేళ్లకు అంటిన ఎర్రమన్ను ఉండకట్టింది కానీ, నిన్న కట్టినంత గట్టిగా కట్టలేదు. విత్తడానికి కావలసిన పదును, ఆ తడి, ఆరిపోతోంది. ముందు వానను తిట్టింది, తరువాత గాలిని తిట్టింది, ఆ తరువాత ఊళ్లోకి వెళ్లే బాట వైపు చూసి షంషాద్ బీని తిట్టింది. షంషాద్ బీ ఏడింటికే రావాలి. ఎనిమిదిన్నరయింది.

గట్టు మీద హనుమేష్ ఎద్దులను నిలబెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. విత్తనాలు వేసే గొర్రు అతనిదే, ఎద్దులూ అతనివే. వాన పడితే ఊళ్లో సగంమంది అతని గుమ్మం ముందు నిలబడతారు. ఈ రోజు రామేశ్వరమ్మ వంతు, రేపు ఇంకొకరి వంతు. పెళ్లి ముహూర్తమైనా అటూ ఇటూ జరుపుతారేమో గానీ హనుమేష్ గొర్రు వంతు జరగదు.

"ఏమ్మా, మొదలుపెడదామా, ఎద్దుల్ని ఇప్పేయల్నా?" అన్నాడు.

"ఎట్ల మొదలుపెడ్తావప్పా? ఇత్తే మనిషి రావల్ల కదా!"

గొర్రు తోలడానికి మగవాడు చాలు. కానీ గొర్రు వెనక నడుస్తూ, గుప్పిట్లోంచి గింజ తరువాత గింజ జారవిడవాలంటే చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి ఊళ్లో షంషాద్ బీది. ఆమె విత్తిన సాలులో జానకు రెండు మొక్కలంటే రెండే. రామేశ్వరమ్మ చెయ్యి ఆ పనికి రాదు, ఒకచోట గుత్తులుగా పడుతుంది, ఒకచోట బోడిగా పోతుంది. ఆ సంగతి ఆమెకే బాగా తెలుసు. అందుకే మధ్య మధ్యలో వేసే కంది సాలు తను పట్టుకుని, వేరుశనగ షంషాద్ బీకి వదిలేస్తుంది. బదులుకు బదులు. నిన్నంతా రామేశ్వరమ్మ వెళ్లి షంషాద్ బీ చేలో పనిచేసి వచ్చింది, ఈ రోజు ఆమె రావాలి. మొగుడు దేవేంద్రప్ప బెంగళూరులో కట్టడం పనికి పోయి నాలుగు నెలలయింది. మూడెకరాల భారమూ ఈమె మీదే.

నిరుడు ఒక్క రోజు ఆలస్యంగా విత్తితే, చేను పేనుకొరుకుడు పట్టిన తలలా అక్కడొక మొక్క ఇక్కడొక మొక్క మొలిచింది. అందులోంచే ఏరి, పండక్కి కూడా నూనెకు ఆడించకుండా దాచిన కాయలు ఇవి. పది రోజులు కూర్చుని గోళ్లు అరిగేలా వలిచింది. కాయగా ఉన్నన్నాళ్లు విత్తనం నిలుస్తుంది, వలిచాక నిలవదు. ఇంకో వాన ఎప్పుడొస్తుందో ఆ పైవాడికే తెలియాలి. పొద్దున రెండెకరాల గింజలకు మందు కలిపి పెట్టింది. మూడో ఎకరా గింజలు మూటలోనే ఉన్నాయి, మధ్యాహ్నం కలుపుకోవచ్చులే అని.

తొమ్మిది కూడా దాటింది. రామేశ్వరమ్మ కొంగు బిగించి ఊళ్లోకి నడిచింది.

షంషాద్ బీ ఇంట్లో లేదు. బడి వరండాలో ఉంది. షంషాద్ బీయే కాదు, ఊళ్లో చెయ్యాడే ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. చాపలు పరిచి, గోడకు పెద్ద కాగితాలు అంటించి, మధ్యలో ముగ్గుపిండితో గళ్లు గీశారు. ఆ గళ్ల పక్కన ఇద్దరు పరదేశపు అమ్మాయిలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒకామె పేరు హన్నా, జర్మనీ నుంచి వచ్చింది, ఎండకు ముక్కు కందిపోయింది. రెండో ఆమె వంజీరు, కెన్యా అమ్మాయి. ఇద్దరూ ఏదో పెద్ద చదువు చదువుతున్నారు. ఆడ రైతులకు ఏ సాయం కావాలో తెలుసుకోవడానికి వచ్చి, మంత్రాలయంలో లాడ్జిలో దిగి, రోజూ ఆటోలో ఊరికి వస్తున్నారు. వాళ్ల మాట మనకూ మన మాట వాళ్లకూ చెప్పడానికి కల్లూరు నుంచి సుజన అనే పిల్లను పెట్టారు. ఇదంతా నడిపించేది సంస్థ సారు ఉమామహేశ్. నెల కిందట ఈ తారీఖు పెట్టింది ఆయనే. వానను అడిగి పెట్టలేదు.

రామేశ్వరమ్మ వెళ్లేసరికి ఆట రసపట్టులో ఉంది. ఒక్కో గడి ఒక్కో పని. దుక్కి, విత్తనం, కలుపు, కోత. ఏ పని ఎవరు ఎక్కువ చేస్తే వాళ్ల పేరున చింతగింజలు పెట్టాలి. విత్తనం గడిలో షంషాద్ బీ ఒక్కొక్క చింతగింజను వరసగా, సమానంగా, ముచ్చటగా పేరుస్తోంది. పదికి పదీ ఆడవాళ్ల వైపే పెట్టింది. హన్నా దాన్ని వంగి వంగి ఫోటో తీసుకుంటోంది.

రామేశ్వరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమక్కా షంషాదక్కా! ఇత్తనం ఈడ ఇత్తుతాండావా? ఆడ ఎద్దులు నిలబడి నిలబడి పేడేస్తాండాయి, ఈడ నువ్వు చింతగింజలతో ఆడుకుంటాండావా? సిగ్గుండల్ల!"

షంషాద్ బీ నాలుక కరుచుకుంది. "అయ్యో, నేనేం చేసేదిమ్మే! గుంపుకు లీడరు నేనంట, నేను లేకుంటే ఎట్లని సారు ఇంటికొచ్చి పిలుచుకొచ్చినాడు. అంత దూరం నుంచి వచ్చిన బిడ్డలు. మొగం మీద లేసొస్తే బాగుంటాదా?"

"పదును పోతే బాగుంటాదా? సుజనా, వాళ్లకు చెప్పు. పదును ఆరిపోతాండాది. ఆడ రైతులకు సాయం చేసేకి వచ్చినామంటారే, ఆ ఆడ రైతులను ఈ పొద్దు వదిలిపెట్టమను. అంతకు మించిన సాయం అక్కరలేదని చెప్పు!"

సుజన ఒకసారి ఉమామహేశ్ వైపు చూసి, అమ్మాయిల వైపు తిరిగి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పింది. అమ్మాయిలిద్దరి మొహాలూ వెలిగిపోయాయి. హన్నా చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి వంజీరు, వాళ్లను చూసి వరండా అంతా కొట్టింది.

తను తిడితే చప్పట్లేమిటి? రామేశ్వరమ్మ చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు. సుజన చెయ్యి పట్టుకుని స్తంభం చాటుకు లాక్కెళ్లింది.

"ఏం చెప్పినావే వాళ్లకు?"

సుజన కళ్లు దించుకుంది. "నువ్వు ఈ ఊర్లో మంచి రైతువనీ, వాళ్లొచ్చినందుకు శానా సంతోషంగా ఉండాదని అన్నావనీ చెప్పినా అక్కా."

"నీ ఇల్లు బంగారం కాను! నేనెప్పుడన్నా ఆ మాట?"

"ఎవరేం తిట్టినా కొంచెం మెత్తగా చెప్పమన్నాడు సారు. ఇంకా పదహారు ఊర్లు తిరగల్ల. ఈడ గొడవైతే నన్ను తీసేస్తాడక్కా."

ఇంత చేసీ ఆ పిల్ల మీద గట్టిగా కోపం రాలేదు రామేశ్వరమ్మకు. ఆ పిల్లదీ కూలే కదా. ఈ లోపల ఉమామహేశే వచ్చి నవ్వుతూ అడ్డం నిలబడ్డాడు.

"ఏందమ్మా, మంచి సమయానికే వచ్చినావు. ఇంకో పది నిమిషాల్లో అయిపోతాది. ఉత్తమ మహిళా రైతని నీకు శాలువా పెట్టినాము. నువ్వు లేకుంటే ఎట్ల?"

ఇక్కడే తప్పు జరిగింది. చేసింది రామేశ్వరమ్మే, ఇంకెవరో కాదు. షంషాద్ బీ రెక్క పట్టుకుని లాక్కుపోయి ఉంటే సరిపోయేది. కానీ ముప్పై ఏళ్లుగా మట్టి పిసుకుతున్నా ఆమెను ఎవరూ రైతు అనలేదు. పట్టా దేవేంద్రప్పది, బ్యాంకు పుస్తకం దేవేంద్రప్పది, ఎరువుల అంగట్లో కూడా "మీ ఆయన్ని పంపమ్మా" అంటారు. నలుగురిలో శాలువా అనేసరికి ఆమె కాళ్లు ఆగిపోయాయి. పది నిమిషాలే కదా అనుకుంది. షంషాద్ బీ పక్కనే చాప మీద కూర్చుంది.

పది నిమిషాలు అయ్యాయి. టీ వచ్చింది. ఉమామహేశ్ మాట్లాడాడు. ఆయన మాట్లాడింది సుజన ఇంగ్లీషులో చెప్పింది. హన్నా మాట్లాడింది. అది సుజన తెలుగులో చెప్పింది. అంటే ప్రతి మాటకూ రెండు రెట్లు సమయం. మహిళా రైతు నేలకు తల్లి అంది హన్నా. అవతల తల్లి కోసం నేల ఎండిపోతోంది. రామేశ్వరమ్మ బడి గడియారం చూసింది. పదకొండు. శాలువా తేవడానికి పోయిన మనిషి బండికి పెట్రోలు అయిపోయిందన్నారు. ఇప్పుడు లేద్దామంటే అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి. పన్నెండు కావస్తుండగా శాలువా వచ్చింది. ఎండాకాలం ఇంకా పూర్తిగా పోని ఆ మిట్ట మధ్యాహ్నం, చెమటలు కారుతుండగా, ఆ దుప్పటంత శాలువా భుజాల మీద వేయించుకుని రామేశ్వరమ్మ ఫోటోకు నిలబడింది. నవ్వమన్నారు. పళ్లు కనబడేలా పెదాలు లాగింది.

ఫోటో తీయడం ఆలస్యం, షంషాద్ బీని ముందుకు తోసుకుంటూ చేను దారి పట్టింది. హనుమేష్ ఎద్దులను విప్పేసి వేపచెట్టు కింద పడుకున్నాడు.

"ఏమ్మా, సన్మానమైందా?" అన్నాడు పడుకునే.

"లెయ్యప్పా సామీ! నీ నోటికి దండం పెడతా, లెయ్యి!"

ఇక ఆ పూట ముగ్గురూ తల ఎత్తలేదు. హనుమేష్ ఎద్దులను అదిలిస్తూ పోయాడు. షంషాద్ బీ వీపు వంచి, తాగిన టీకీ కూర్చున్న కూర్చుడుకీ తప్పు కట్టినట్టు, ఒక్క గింజ కూడా వృథా కానివ్వకుండా విత్తింది. రామేశ్వరమ్మ కంది సాలు పట్టుకుంది. మధ్యలో బువ్వకు కూడా ఆగలేదు. పొద్దు గూకేసరికి రెండెకరాలయింది. ఇటు తిరిగి మూడో ఎకరా వైపు చూస్తే హనుమేష్ పలుపులు విప్పుతున్నాడు.

"ఒక్క గంట తోలప్పా. నీ కాళ్లు మొక్కుతా."

"నన్ను మొక్కితే ఏమొస్తాదమ్మా? ఎద్దులు సొమ్మసిల్లినాయి సూడు. రేపు పొద్దునే బొజ్జన్న చేలో ఉండల్ల. మాట మాటే."

అతన్ని అనడానికి ఏమీ లేదు. ఆ రాత్రి గాలి తోలింది. మరునాడంతా తోలింది. మూడోరోజు రామేశ్వరమ్మ ఆ ఎకరాలో వేలు గుచ్చితే గోరు విరిగింది.

అదే రోజు సాయంత్రం ఇంటి ముందు ఆటో ఆగింది. హన్నా, వంజీరు, సుజన. రేపు ఇంకో ఊరు పోతున్నారట, చివరిగా కొన్ని ప్రశ్నలు అడగాలట. ఇంటికి వచ్చిన మనుషులను ఊరికే పంపించే అలవాటు రామేశ్వరమ్మకు లేదు, ఎంత ఒళ్లు మండినా లేదు. మంచం వాల్చింది. లోపలికి పోయి, మూలనున్న మూట విప్పి, రెండు చేరెళ్ల గింజలు తీసి పెనం మీద పోసింది. కాసేపటికి వేరుశనగ వేగే వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఉప్పునీళ్లు చిలకరించి, పళ్లెంలో పోసి తెచ్చి మంచం మీద పెట్టింది.

అమ్మాయిలిద్దరూ గుప్పిళ్లతో తిన్నారు. తింటూనే హన్నా కాగితం చూసి ఏదో అడిగింది.

"మేమొచ్చినందుకు నీ సేద్యానికి ఏమైనా మేలు జరిగిందా అని అడుగుతాండాదక్కా," అంది సుజన. "గింజలు శానా రుచిగా ఉండాయంట. యాడ కొన్నావంటాండాది."

"కొన్లేదు," అంది రామేశ్వరమ్మ. మూడు రోజులుగా మింగుతున్న కోపం ఇప్పుడు బయటికొచ్చింది. "అది మా ఎకరా ఇత్తనం. మీటింగు రోజు ఇత్తాల్సింది. పదును ఆరిపాయ, ఇంగ ఆ చేను ఈ ఏడు బీడే. వలిచిన గింజ నిలవదు, అందుకే ఏంచి పెట్టినా. సుజనా, ఈసారి మెత్తగా చెప్పొద్దు. నేను చెప్పింది చెప్పినట్టే చెప్పు. నేను కూడా శాలువాకు ఆశపడి కూచున్నానని, అది కూడా చెప్పు."

సుజన పళ్లెం వైపు చూసింది. తరువాత నెమ్మదిగా, ఒక్క మాట వదలకుండా చెప్పింది. ఈసారి మాటలు నాలుగు ముక్కలతో అయిపోలేదు.

వంజీరు నమలడం ఆపేసింది. హన్నా అరచేతిలో ఇంకా ఏడెనిమిది గింజలున్నాయి. వాటిని నోట్లో వేసుకోలేదు, పళ్లెంలోనూ పెట్టలేదు. కాగితం ఒళ్లోంచి జారి కింద పడినా చూసుకోలేదు. చెయ్యి చాచి, ఆ గింజలను రామేశ్వరమ్మకు తిరిగి ఇవ్వబోయింది.

"తినమను," అంది రామేశ్వరమ్మ సుజనతో. "ఏంచినవి ఇంగ మొలవవు."