చీర కట్టిన పోతురాజు

పండుగప్ప పొలుసు గీస్తున్నాను గానీ నా మనసంతా అగాడె దగ్గరే ఉంది. నాలుగు వేల ఏళ్ళ కిందటి రాజధాని. దూరదేశాల పడవలు వచ్చి లంగరు వేసిన రేవు. అంత ఊరు ఇవాళ ఎక్కడుందో భూమ్మీద ఒక్కరికీ తెలియదట! ఇరాక్‌లో టైగ్రిస్ నది పక్కన ఎక్కడో ఉండాలంటారు కొందరు, బాగ్దాదు ఇళ్ళ కిందే ఉండొచ్చంటారు ఇంకొందరు. ఊరికి ఊరే ఎలా తప్పిపోతుంది? పిల్ల తప్పిపోవడమంటే నాకు తెలుసు. మా ఆశ బస్సు దిగి ఫోను చెయ్యడం కాస్త ఆలస్యమైతే చాలు, నా కళ్ళ ముందు అంబులెన్సులు తిరుగుతాయి, పేపర్లో ఫొటో కూడా పడిపోతుంది. కానీ ఒక నగరం, గోడలతో గుళ్ళతో సహా?

"ఏటే, సేపని కడుగుతన్నావా, జోకొడతన్నావా?" మా ఆయన తిరుమలరావు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "సేదు సంచి పగిలిందంటే కూరంతా పోద్ది. సాయంత్రం కమిటీవోళ్ళు బోజనానికి వత్తన్నారు, గుర్తుందా?"

"గుర్తుంది బావా," అన్నాను. ఆయన నా మేనత్త కొడుకు.

ఎలా మరిచిపోతాను? మా నిర్వాసితుల కాలనీలో అమ్మవారి గుడికి ఆయన అధ్యక్షుడు. సమావేశాలు మాత్రం గుడిలో జరగవు, మా ముందుగదిలో జరుగుతాయి. గుడిలో అయితే టీలు ఎవరు పెడతారు, ఎంగిలి కంచాలు ఎవరు తీస్తారు? ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. రేపు శనివారం. రేపు నేను మాట్లాడాలి. మైకులో. తలుచుకుంటే చాలు, చేతిలో చేప జారిపోతోంది.

ఇదంతా ఒక ఫ్యాను వల్ల జరిగింది. ఆశ ద్వారకా నగర్లో గ్రూప్స్ కోచింగుకి వెళుతుంది. ఇరవై దాటిన పిల్లని వెంటబెట్టుకుని తీసుకొచ్చి, అయ్యేదాకా కూచుని తీసుకెళ్ళే తల్లి ఆ సెంటరు మొత్తానికి నేనొక్కదాన్నే. "అమ్మా, అందరూ నవ్వుతన్నారు, పరువు తీసేత్తన్నావు" అని అది పోరుతుంది. ఏం చెయ్యను, ఆటో బోల్తా పడితే? లిఫ్టు మధ్యలో ఆగిపోతే? వేసవిలో ఒక శనివారం ఎండకి తట్టుకోలేక పక్క వీధిలో గ్రంథాలయంలోకి దూరాను. పై హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెనక కుర్చీలో కూచున్నాను. ముందు ఎవరో పెద్దావిడ, కనకరత్నం గారట, రిటైరైన చరిత్ర లెక్చరరు, తెర మీద మట్టి పలకలు చూపిస్తున్నారు. వాటి నిండా పిట్ట కాలి గుర్తుల్లాంటి రాత. పదో తరగతి తప్పినదాన్ని, నాకేం ఎక్కుతుంది అనుకున్నాను. సభ ముగిసి అందరూ లేచాక చూస్తే జాకెట్టంతా చెమట. ఫ్యాన్లు ఎప్పుడు ఆగిపోయాయో కూడా తెలియలేదు నాకు!

ఆ తర్వాత ఒక్క శనివారం వదల్లేదు. ఆ దేశంలో ఊరికొక దేవుడో దేవతో ఉండేవారట. గుడిని దేవుడి ఇల్లనే పిలిచేవారట. పొద్దున భోజనం, సాయంత్రం భోజనం, స్నానం, బట్టలు మార్చడం, పడవెక్కి పక్క ఊరి దేవుణ్ణి చూడబోవడం. అందరూ శిల్పాలు చూస్తుంటే నేను మాత్రం, ఇల్లు అన్నాక కడిగేవాళ్ళూ తుడిచేవాళ్ళూ ఉండి తీరాలి కదా, వాళ్ళేరీ అని తెర అంతా వెతుక్కునేదాన్ని. ఇంటికొచ్చి పప్పు రుబ్బుతూ ఆ పేర్లు నోట్లో చప్పరించేదాన్ని. ఉరుక్, ఎరిదు, నిప్పూరు. నిప్పూరంటే మన విజయనగరం పక్కన ఉన్నట్టే ఉంది.

పోయిన వారం అగాడె సంగతి వచ్చింది. ఆ ఊరి అమ్మవారు ఇనన్నా. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఊరు కళకళలాడింది. ఒకరోజు ఆవిడ గుడి వదిలి వెళ్ళిపోయింది, ఊరు కూలిపోయింది. ఎందుకు కూలింది? ఆ ఊరి రాజు నిప్పూరులో పెద్ద దేవుడి గుడి కూలగొట్టాడు, అదే పాపమని పలకల మీద రాశారట. అయితే అదే నిప్పూరు గుడి తవ్వకాల్లో బయటపడ్డ ఇటుకల మీద ఆ రాజు పేరే ఉంది, కట్టించినవాడిగా!

"వానలు లేక కూలిందనేవాళ్ళున్నారు. కొండల్లోంచి శత్రువులు దిగారనేవాళ్ళున్నారు," అన్నారు కనకరత్నం గారు. "కథ చెప్పేవాళ్ళకి ఏదో ఒక అవసరం ఉంటుంది. ఇటుకకి ఏ అవసరమూ ఉండదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడమే మన పని."

నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. "అమ్మా, అమ్మవారు ఉండిపోయి ఊరే వెళ్ళిపోతే ఏమంటారండీ?"

అందరూ వెనక్కి తిరిగారు. నవ్వుతారు, అయిపోయింది నా పని అనుకున్నాను. ఆవిడ వేదిక దిగి నా దగ్గరకే వచ్చేశారు. "ఎక్కడమ్మా?"

"మా ఊళ్ళోనండీ."

నాలుగు ముక్కలు విన్నారో లేదో, నా చెయ్యి పట్టుకుని, "వచ్చే శనివారం కాసేపు మీరే మాట్లాడుతున్నారు," అన్నారు.

మా ఊరు సింగన్నమెట్ట. స్టీలు ప్లాంటు కోసం ఖాళీ చేసిన ఊళ్ళలో ఒకటి. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇళ్ళు ఖాళీ చేసిన పొద్దున మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, గురునాథరావు అమ్మవారిని భుజమ్మీద మోసి లారీ ఎక్కించాడని, అందువల్లే కాలనీ చల్లగా ఉందని అందరూ చెప్పుకుంటారు. గుడిలో ఆయన ఫొటోకి దండ ఉంటుంది. జాతరలో మొదటి హారతి మా ఇంటికి. మా ఆయనకి అధ్యక్ష పదవి వచ్చిందీ అందుకే.

ఇది కథ. ఇటుక నా దగ్గరుంది.

ఊళ్ళో అమ్మవారి పాకలో రెండు రాళ్ళుండేవి. నేను ప్రతి మంగళవారం మా మామ్మ దేముడమ్మతో వెళ్ళి వాటిని కడిగి పసుపు రాసేదాన్ని. గుండ్రంగా, పొట్టిగా, సగం నేలలోకి దిగిపోయి ఉన్నది అమ్మవారు. ఆవిడకెదురుగా పొడుగ్గా, నిటారుగా నిలబడ్డది ఆవిడ తమ్ముడు పోతురాజు, కాపలాకి. మగవాళ్ళు ఏడాదికొకసారి జాతరకే వచ్చేవారు. అప్పటికి రెండు రాళ్ళూ చీరల్లో, వేపరొబ్బల్లో మునిగిపోయి ఉండేవి. ఏది ఎవరో వాళ్ళకెలా తెలుస్తుంది? పొడుగ్గా ఉన్నదే గొప్పది అనుకున్నారు. పెకలించి, ఎర్ర చీర చుట్టి, డప్పులు వాయిస్తూ లారీ ఎక్కించారు. "మామ్మా, అది పోతు..." అన్నానో లేదో, మామ్మ పసుపు చెయ్యి నా నోటి మీద పడింది. మావయ్య ఆవిడకి అల్లుడు. మా ఇళ్ళల్లో అల్లుడి ఎదుటకే అత్త రాకూడదు, ఇక మాటకి అడ్డు చెప్పడమా!

సాయంత్రం కమిటీవాళ్ళు పండుగప్ప పులుసు జుర్రుకుంటూ అమ్మవారికి ఈ ఏడు ఏ చీర పెట్టాలో వాదించుకున్నారు. ఒకరు ఆకుపచ్చ అన్నారు, ఇంకొకరు గంధం రంగు అన్నారు. "ఆవిడి ఒంటి రంగుకి ఎర్రంచే నప్పుద్ది" అని మా ఆయన తేల్చాడు. వంటింట్లో నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. వాళ్ళు వెళ్ళాక, కంచాలు తోముతూ, ఆయనకి చెప్పేశాను. అంతా. రేపటి సంగతితో సహా.

ఆయన ముందు నవ్వాడు. తర్వాత పీట లాక్కుని కూలబడ్డాడు. "అంటే... ఇన్నాళ్ళూ మనం పోతురాజుకి సీర కట్టి, గాజులేసి, పెతీ శ్రావణ మాసం సారె ఎడతన్నామా?"

"అవును బావా."

"ఎవులికైనా సెప్పావా?"

"రేపు సెప్తాను."

"మతి గాని పోనాదేటే నీకు? మా నాన్న ఫొటో తీయించేత్తావా? పదో తరగతి గట్టెక్కనేనిదానివి, సదువుకున్నోళ్ళ మజ్జిన నిలబడి నువ్వు సెప్పీదేటి? ఎల్లొద్దు. ఎల్లేవంటే మాత్తరం..."

ఆ మాట ఆయన ఎప్పుడూ పూర్తి చెయ్యడు. పెళ్ళయిన కొత్తలో పుట్టింటికెళతానన్నప్పుడు అలాగే అన్నాడు, కుట్టు మిషను నేర్చుకుంటానన్నప్పుడు అలాగే అన్నాడు. మిగతా సగం నేనే నింపుకుంటూ వచ్చాను. గెంటేస్తాడనో, మాట్లాడ్డం మానేస్తాడనో, ఉరేసుకుంటాడనో. అన్ని ఘోరాలు ఆయనకైనా తట్టి ఉండవు. చూడబోతే ఆయన చేసిందల్లా సగం మాట అనడమే. చాకిరీ అంతా నాదే!

ఆశ కంచాలు తుడుస్తూ మెల్లగా నా భుజానికి భుజం తగిలించింది. "అమ్మా, ఎల్దాం. రేపు నిన్ను నాను తీసుకెల్తాను. నాన్న బీపీ బిళ్ళ టీవీ మీద ఎడతాను."

శనివారం బస్సు ఎక్కానే గానీ గుండె నా దగ్గర లేదు. బ్రేకులు ఫెయిలవుతాయనిపించింది. అమ్మవారికి కోపం వచ్చి ఆశకి ఉద్యోగం రాదనిపించింది. హాల్లో మైకు చేతికిచ్చినప్పుడు షాకు కొడుతుందేమోనని కొంగుతో పట్టుకున్నాను. కనకరత్నం గారు తెర మీద టైగ్రిస్ పటం తీసేసి మన సముద్రతీరం పటం పెట్టారు. వేలు పెట్టి చూపించాను, "మా ఊరు ఇక్కడండీ. ఇప్పుడు బొగ్గు గుట్టలున్నాయి." ఆ ఒక్క మాట అనేశాక ఇక ఆగలేదు! రాళ్ళు కడగడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఎర్ర చీర చుట్టడం దాకా వచ్చేసరికి హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూ తల ఎత్తితే, తలుపు దగ్గర మా ఆయన.

అరుస్తాడా? పడిపోతాడా? ఆసుపత్రి, గ్లూకోజు సీసా, తెల్ల దుప్పటి, అన్నీ వరసగా వచ్చేశాయి. మళ్ళీ చూశాను. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మనిషి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. అంతే. నేను ఇన్నేళ్ళు భయపడినదంతా కలిపితే అంతే ఉంది.

మామ్మ చెయ్యి నా నోటి మీద పడడం కూడా చెప్పేశాను. ముందు వరసలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన లేచాడు. "బాగుందమ్మా. మొత్తానికి మగవాళ్ళు కంగారులో పొరబడి అమ్మవారిని మరిచిపోయి వచ్చేశారు. అంతే కదా?"

"అలా అనుకోవచ్చండీ," అన్నాను. "మా మామ్మ అలా అనుకోలేదు. అమ్మవారిని కదపాలంటే మా వైపు ముందు ఆవిడ తల మీద పువ్వు పెట్టి అడగాలి. వస్తావా తల్లీ అని. పువ్వు కుడివైపు రాలితేనే ఆవిడ వస్తానన్నట్టు. ఆ పొద్దున ఎవరూ అడగలేదు. అందుకే మామ్మ నా నోరు మూసింది."

"అయితే?"

తలుపు దగ్గర మా ఆయన చేతిరుమాలు ఆగిపోయింది. నేను ఆయన్నే చూస్తూ, కొంగు వదిలేసి మైకు ఉత్త చేత్తో పట్టుకున్నాను.

"అడక్కుండా ఎక్కించేస్తే లారీ ఎక్కేసినవాళ్ళం మేమేనండీ. ఆవిడ ఎక్కలేదు."