తాహా చేతిలో జెండాలు

హైవే పక్కనే బడి కావడం వల్ల ఆ హైస్కూల్లో అన్ని కమిటీలకన్నా రోడ్డు భద్రతా దళానికి గౌరవం ఎక్కువ. పరిశుభ్రత కమిటీకి చీపుళ్ళు, సైన్సు క్లబ్బుకు తాళం పడని ఒక బీరువా ఇచ్చి ఊరుకున్నారు. దళం పిల్లలకు మాత్రం తెల్లటోపీ, ఈల, రెండు జెండాలు ఉండేవి. మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వైపు పోయే లారీలు పొద్దునపూట ఆ టోపీలను చూసి నెమ్మదించేవి. ఎర్రజెండా ఎత్తితే ఆగాలి, పచ్చజెండా ఊపితే పోవాలి. పీఈటీ సారు జానకిరామయ్య ఈ నియమాన్ని రోజూ తిరిగే డ్రైవర్లకు కూడా అలవాటు చేశాడు.

1999లో ఆ దళానికి నాయకుడు తొమ్మిదో తరగతి తాహా. వాళ్ళ తండ్రి అల్లావుద్దీన్‌కు శామీర్‌పేట దారిలో జామతోట ఉంది. తెల్లారకముందే తండ్రితో కాయలు కోసి గంపలకెత్తి, అందరికన్నా ముందు బడికి వచ్చేవాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు. చిన్నపిల్లలు అతని మాట వింటారు.

ఆ జూన్‌లో బడి తెరిచాక, పాత జెండాలు పీలికలైపోయాయని కొత్తవి కుట్టించారు. రెండూ ఒకే రకం గుడ్డ, ఒకే కొలత, ఒకేలాంటి కర్రలు.

ఆ వారంలోనే ఒక ఉదయం ఆరో తరగతి పిల్లలు గుంపుగా రోడ్డు మధ్యకు వచ్చారు. అల్వాల్ వైపు నుంచి ఇటుకల లారీ వస్తోంది. తాహా ఈల వేసి జెండా ఎత్తాడు. అది పచ్చజెండా. లారీ వేగం తగ్గలేదు. జానకిరామయ్య కేకలేసుకుంటూ పరుగెత్తి, ఇద్దరు పిల్లల్ని భుజాన ఉన్న సంచులు పట్టి వెనక్కి లాగాడు. ఒక పాప నీళ్ళ సీసా చక్రం కిందపడి నలిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

డ్రైవరు బండి పక్కకు ఆపి దిగివచ్చాడు.

"పచ్చజెండ ఎత్తితివేందిరా? గా పిల్లలకేమన్న అయితే ఎవడు జవాబు జెప్తడు?"

తాహా తన చేతిలోని జెండా వంక చూశాడు. తర్వాత చంకలో ఉన్న రెండోదాని వంక చూశాడు.

"జూస్కోలేదు సార్," అన్నాడు జానకిరామయ్యతో.

సారు అక్కడికక్కడే టోపీ, ఈల తీసేసుకున్నాడు.

గేటు దగ్గర నిలబడి ఇదంతా చూసింది ధరణి. అదే తరగతి, సైన్సు క్లబ్బు కార్యదర్శి. తండ్రి రఘునందన్ బ్యాంకు ఉద్యోగి. తెనాలి నుంచి బదిలీ అయితే కొత్తగా కట్టిన కాలనీలో అద్దెకు దిగారు. "ఎందుకు" అన్న మాట లేకుండా ఆ పిల్ల నోట వాక్యం రాదని వాళ్ళమ్మ విసుక్కునేది.

మిగతావాళ్ళంతా ఆ రోజు లారీ గురించి మాట్లాడుకుంటుంటే ధరణిని ఒకే విషయం తొలిచేస్తోంది. తాహా చూసుకోలేదన్నది నిజం కాదు. జెండా ఎత్తే ముందు అతను రెండింటినీ మార్చి మార్చి చూడడం ఆమె కళ్ళారా చూసింది. అంత జాగ్రత్తగా చూసినవాడు తప్పుది ఎందుకు ఎత్తాడు?

మధ్యాహ్నం చేతిపంపు దగ్గర అడిగేసింది. "నువ్వు చూశావు కదా. చూసుకోలేదని ఎందుకు చెప్పావు?"

"నీకెందుకు?" అని మొహం కడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు డ్రాయింగు పీరియడ్‌లో ధరణి కళ్ళన్నీ తాహా మీదే ఉన్నాయి. అతను రంగు పెన్సిల్ తీసుకున్న ప్రతిసారీ దాన్ని తిప్పి, మీదున్న రంగు పేరు చదువుకుని మరీ వేస్తున్నాడు. పేరు చెరిగిపోయిన పెన్సిల్ చేతికొస్తే మాట్లాడకుండా పక్కన పెట్టేస్తున్నాడు.

ధరణి తరగతి కాగానే సైన్సు టీచర్ లలితకుమారి దగ్గరికి పరుగెత్తి, ఎవరి పేరూ చెప్పకుండా, కొందరికి రంగులు వేరేలా కనబడతాయా అని అడిగింది.

"కనబడతాయమ్మా. కొందరికి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. పూర్వం రైల్వేలో ఉద్యోగానికి వచ్చినవాళ్ళకు ఉన్ని దారాల కుప్ప ఇచ్చి రంగుల వారీగా ఏరమనేవాళ్ళట. ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే టీచర్," అంది ధరణి. ఆ మాట ఆమె నోట రావడం టీచరుకే వింతగా తోచి ఉంటుంది.

ఆ సాయంత్రం వీధి చివర బట్టలు కుట్టే నాగమణి దగ్గర తెగిన దారాల ముక్కలు గుప్పెడు అడిగి తెచ్చుకుంది. మర్నాడు బడి విడిచాక తాహాను సైన్సు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, వాటిని బల్ల మీద పోసింది.

"ఒక రంగువి ఒకచోట పెట్టు. నేనెవరికీ చెప్పను."

తాహా తలుపు వేసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు. తర్వాత కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. నీలంవి చకచకా విడదీశాడు. పసుపువీ అంతే. మిగిలిన ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు దారాలన్నీ కలిపి ఒకే కుప్ప పోసి, "గివన్ని ఒక్కటే," అన్నాడు.

ధరణి ఎర్రదారం ఒకటి, పచ్చది ఒకటి తీసి పక్కపక్కన పట్టుకుంది. "ఇవి రెండూ నీకు ఒకేలా ఉన్నాయా? నిజంగా?"

"మీరు ఆకును పచ్చ అంటరు, పసుపును గూడ పచ్చ అంటరు. రెండిటికీ ఒక్కటే పేరు. నాకు గందుల ఇంకోటి గూడ కలిసింది, గంతే." తాహా నవ్వబోయాడు, కానీ నవ్వు రాలేదు. "పాత ఎర్రజెండ కర్ర ఇరిగితె తీగ జుట్టిన్రు. తీగ తగిల్తె ఎర్రది అని ఎరుక. కొత్తయి ఒక్క తీర్గ ఉన్నయి."

"సారుకు చెబుదాం."

"వద్దు! జెప్తే మల్ల నన్ను దళం దిక్కు గూడ రానియ్యరు."

"చెప్పకపోతే సారు నిన్ను నిర్లక్ష్యం మనిషి అనే అనుకుంటారు. అది నీకిష్టమా?"

తాహా దారాలు ఆమె వైపు తోసేసి లేచాడు. ధరణి ఇక అడగలేదు. కానీ మర్నాడు పొద్దున ప్రార్థన కాకముందే అతను తనంత తానే జానకిరామయ్య ముందు నిలబడ్డాడు. అతను రమ్మంటే ధరణి, లలితకుమారి టీచరూ వచ్చి వెనక నిలబడ్డారు. సారు మొదట నమ్మలేదు. దారాల పరీక్ష తన కళ్ళ ముందు మళ్ళీ చేయించాడు. చివరకు కుర్చీలో వెనక్కి వాలి, "ఇంతకాలం ఎట్ల నడిపినవురా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

"ఇగ పచ్చజెండ ఎందుకు సార్?" అన్నాడు తాహా. రాత్రంతా ఆలోచించుకున్న మాటలాగుంది. "డ్రైవర్లకు ఆగుమని జెప్తే సాలు. పొమ్మని మనం జెప్పకున్న పోతరు. ఒక్కటే పలక పెడదాం, గుండ్రంగ. దాని మీద 'ఆగు' అని పెద్దగ రాద్దాం."

జానకిరామయ్య ఆ వారాంతానికి వడ్రంగి చేత పలక చేయించాడు. అయితే టోపీ వెంటనే ఇవ్వలేదు. కొన్నాళ్ళు తన పక్కన నిలబెట్టుకుని చూశాకే ఇచ్చాడు.

ధరణికి మాత్రం ప్రశ్నలు తీరలేదు. తాహా ఒప్పుకున్నాక, సైన్సు క్లబ్బు తరఫున బడిలో అందరికీ దారాల పరీక్ష పెట్టారు. ఇంకొందరు బయటపడ్డారు. అందరూ అబ్బాయిలే! అమ్మాయి ఒక్కర్తీ లేదు. ఇది సాధారణంగా తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తుందనీ, తల్లికి మాత్రం రంగులన్నీ మామూలుగానే కనబడతాయనీ లలితకుమారి టీచరు చెప్పింది.

వినగానే ధరణి ఆగలేకపోయింది. ఆదివారం తండ్రి స్కూటరు మీద జామతోటకు వెళ్ళి, తాహా తల్లి షహర్ బానును అడిగింది.

"పిన్నిగారూ, మీ పుట్టింట్లో ఎవరికైనా ఇలా ఉందాండీ?"

గంపలో కాయలు సర్దుతున్న షహర్ బాను చేతులు ఆగిపోయాయి. "అంటే... నా నుంచి అచ్చిందా బేటీ, పోరనికి?"

ఆమె ముఖం చూశాక గాని తాను ఏం అడిగిందో ధరణికి అర్థం కాలేదు. సిగ్గుతో తల దించుకుంది. "జబ్బు కాదండీ. తప్పూ కాదు. ఎత్తు, ముక్కు వచ్చినట్టే ఇదీ వస్తుందట," అని తడబడుతూ చెప్పింది.

షహర్ బాను కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ కాయలు సర్దసాగింది. ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది.

"మా భాయి మిరపచేన్ల పండుకాయ తెంపుమంటె పచ్చికాయ తెంపుతుండె. మా అబ్బాజాన్ పని దొంగ అని మస్తు తిట్టేటోడు. యా అల్లా! ఆనికి గిప్పుడు జెప్పాలె."

తాహా గట్టు మీద కూర్చుని వింటున్నాడు. "మామూకు నేనే జెప్త అమ్మీ," అని లేచాడు.

ధరణి స్కూటరు ఎక్కబోతూ ఆగింది. "ఒక్కటి అడగనా? జామకాయ పండిందో లేదో నీకెలా తెలుస్తుంది మరి?"

తాహా ఒక కొమ్మ వంచాడు. "కండ్లు మూస్కో. జెప్త," అన్నాడు.

ధరణి కళ్ళు మూసుకుని చెయ్యి చాచింది.