మూడంకెల తాళం

మా ఆడబిడ్డ కూతురు సుధారాణి ఆత్మకూరులో బ్యాంకు ఉద్యోగి. కంప్యూటర్లలోని సమాచారానికి కాపలా సరిగా ఉందో లేదో తనిఖీ చేసే ఆడిటర్ల పరీక్షకు చదువుతోంది. పరీక్ష జూన్‌లో, మద్రాసులో. పుస్తకమంతా ఇంగ్లీషు. అందుకని తొంభై ఎనిమిది మే నెలలో ఒక శనివారం సెలవు పెట్టి ఉదయగిరి వచ్చింది. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ప్రశ్న చదవడం నా పని, జవాబు చెప్పడం ఆమె పని.

బల్ల మీద మా ఆయన దయాసాగర్ బ్రీఫ్‌కేసు ఉంది. ఆయన పోయి మర్నాటికి ఏడాది. చర్చిలో చెప్పాలని రాసుకున్న ఆఖరి ప్రసంగం అందులోనే ఉండిపోయింది. జ్ఞాపకార్థ కూడికలో దాన్ని చదువుతానని ఒప్పుకున్నాను. పెట్టెకు మూడంకెల తాళం. నంబరు నాకూ చెప్పలేదు. తెరిచేటప్పుడు గోడవైపు తిరిగేవారు.

సంఘపెద్ద సిద్ధయ్య పొద్దున్నే వచ్చి చూశాడు. "స్క్రూడ్రైవరు పెడితే రెండు నిమిషాల పని. ఏంది టీచరమ్మా ఆలోచన?"

"సాయంత్రం దాకా ఆగండి," అన్నాను. ఆ పెట్టెను పగలగొట్టడం నాకు ఇష్టం లేదు.

మా సంఘంలో ప్రతివారికీ పాటల పుస్తకంలో తమదంటూ ఒక పాట నంబరు ఉంటుంది. ఆదివారం ఎవరు లేచి ఏ పాట అడుగుతారో పిల్లలు కూడా చెప్పగలరు. ఆయనది 214. తిప్పి చూశాను. రాలేదు. నా పాట నంబరు, మా పెళ్లి తేదీ, అవీ రాలేదు.

"మామ పాట ఊరంతటికీ తెలుసు గదత్తా," అంది సుధారాణి. "అట్టాంటిది పెట్టకూడదనే ఈ పుస్తకంలో రాసుండాది."

"సరే, నీ ప్రశ్న విను." చదివాను. కార్యాలయానికి రహస్య సంఖ్య నొక్కితేనే పనిచేసే కొత్త యంత్రం వచ్చింది. ఆడిటరు మొదట ఏం చూడాలి? నాలుగు జవాబులు. ఆమె మూడోది చెప్పింది. తప్పు.

"నాలుగూ చెయ్యాల్సినయ్యే గదా!"

"నాలుగూ చెయ్యాల్సినవే. 'మొదట' అన్నారు. నువ్వు ఆ మాట వదిలేసి చదువుతున్నావు. మా ఎనిమిదో తరగతి వాళ్లూ ఇంతే."

వెనక పేజీల్లో సరైన జవాబుకు ఇచ్చిన వివరణ చదివాను. తయారుచేసినవాళ్లు పెట్టి పంపిన సంఖ్యను కొన్నవాళ్లు మార్చారో లేదో మొదట చూడాలి.

ఇద్దరం బల్ల వైపు చూశాం.

"అంగట్లో కొన్నప్పుడు ఏముంటుంది?" అని అడిగాను.

"మూడు సున్నాలు."

తిప్పాను. టక్కున తెరుచుకుంది.

సుధారాణి నవ్వు ఆపుకోలేకపోయింది. "మార్చడం చేతగాక గోడవైపు తిరిగినాడు మామ."

అయి ఉండవచ్చు. ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు ఆ అనుమానం రాలేదు.

లోపల కళ్లజోడు, పెన్ను, మడిచిన కాగితాలు. ప్రసంగం మూడు పేజీలుంది. నాలుగో కాగితం పైన 4 అని అంకె మాత్రం వేసి ఉంది.

"ఎట్ట చదవతావత్తా? పూర్తి కాలేదే."

"రాసినంతవరకు చదువుతాను."

"నంబరు మార్చేదా? ఎట్టనో నాకు తెలుసు."

"వద్దు," అన్నాను. సిద్ధయ్య స్క్రూడ్రైవరుతో వచ్చేసరికి మేం పదిహేడో ప్రశ్న మీద ఉన్నాం.