కోటు దగ్గింది

ఆ ఇంట్లో పిల్ల దగ్గు వినపడక చాలా రోజులైంది. అందరూ అదే అదృష్టమనుకున్నారు.

పిచ్చుకకు ఐదేళ్లు. ఆ పేరు దాని బరువు చూసి తాతయ్య పెట్టిందే. గుండె గోడలో చిల్లు, దానికి తోడు ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకు. కాస్త పరిగెత్తితే చాలు, సిరా తాగినట్టు పెదాలు నీలంగా మారేవి. ఉన్నచోటే గొంతుక్కూర్చుని, "బండి చెడిపోయింది, ఆగండి" అనేది. ఆపరేషన్ ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, రెండుసార్లూ జలుబు వల్లే. ఛాతీలో నెమ్ము ఉండగా మత్తు ఇస్తే బిడ్డ మళ్ళీ కళ్ళు తెరవకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ఆలస్యమైతే గుండె ఓర్చుకోదనీ ఆవిడే చెప్పింది.

అందుకే ఈసారి తాతయ్య రంగంలోకి దిగాడు. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసినవాడు. గుమ్మంలో స్టూలు వేసుకుని, పాత టికెట్ల సంచి భుజాన తగిలించుకుని, ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"చేతులు కడగనివాళ్ళకి ఈ బస్సులో చోటు లేదు. ఏవయ్యా పెయింటరూ, నీకే చెప్పేది!"

"సొంతింట్లో కూడా ఈ గోలేంటి నాన్నా," అని విసుక్కుంటూనే కొడుకు మోచేతుల దాకా సబ్బు రుద్దుకునేవాడు.

ఎవరు దగ్గినా, తుమ్మినా ఈల మోగేది. "స్టాపొచ్చింది, దిగాలి, దిగాలి!" దిగినవాళ్ళు బాల్కనీలో కూర్చోవాలి. కోడలు ఓసారి దిగింది. చుట్ట మానేసినా గొంతు బాగుపడని తాతయ్య చాలాసార్లే దిగాడు. ఆయన దిగినప్పుడల్లా పిచ్చుక పకపకా నవ్వేది. తను మాత్రం ఒక్కసారీ దిగలేదు.

తెల్లవారితే ఆసుపత్రిలో చేరాలి. సాయంత్రపు ఎండ ఇంకా కిటికీలో ఉంది. కుట్లు పడ్డాక చేతులెత్తకుండా తొడగాలని, ముందువైపు బొత్తాలు పెట్టించిన గౌన్లను కోడలు ఇస్త్రీ చేస్తోంది.

"చూశారా మామయ్యా, ఎంత బుద్ధిగా ఆడుకుంటోందో. అలికిడే లేదు."

ఆయన తలెత్తాడు. నిజమే, అలికిడి లేదు.

పక్క గదిలో నేలమీద బొమ్మలున్నాయి. పిల్ల లేదు. మంచం కింద వంగి చూశాడు. అక్కడా లేదు. బట్టల బీరువా తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కొడుకు చలికోటు కదిలింది.

తలుపు లాగాడు. పిచ్చుక ఆ కోటులో మొహం కుక్కుకుని, రెండు పిడికిళ్ళతో దాన్ని నోటికి అదిమి పట్టుకుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు లేదు. కాసేపటికి మొహం తిప్పింది. పెదాలు నీలం. కోటు మీద తడి, ఆ తడి చుట్టూ ఎండిపోయిన పాత మరకలు.

"నేను కాదు తాతయ్యా," అంది రొప్పుతూ. "కోటు దగ్గింది."

ఆయన ఆ పిడికిళ్ళు మెల్లగా విప్పాడు.

"ఎప్పట్నుంచమ్మా?"

"నన్ను దింపెయ్యకు. రేపు పెద్ద స్టాపని అమ్మ చెప్పింది. నేను అక్కడిదాకా రావాలి."

పనినుంచి అప్పుడే వచ్చిన కొడుకు వెనకాల నిలబడి అంతా విన్నాడు. పిల్లను ఎత్తుకుని, వీపు నిమిరి, ఊపిరి కుదుటపడ్డాక తల్లి దగ్గరికి పంపాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"నీ కోడలికి చెప్పకు."

"మరి డాక్టరమ్మకి?"

"ఎవ్వరికీ వద్దు. మళ్ళీ వెనక్కి పంపేస్తే? ఇంకోసారి పిలిచేదాకా ఇది మనకి దక్కుతుందా నాన్నా?" గొంతు తగ్గించాడు. "ఒక్క పూట. ఆవిడ ముందు దగ్గకపోతే చాలు. బిగబట్టగలదు, చూశావుగా."

తాతయ్య ఈలను జేబులో వేసుకున్నాడు. పిల్లకు ఆ విద్య నేర్పింది తనే.

మర్నాడు పొద్దున పరీక్ష గదిలో, స్టెతస్కోపు బిళ్ళను పిల్ల ఒంటికి ఆనించే ముందు డాక్టరమ్మ దాన్ని అరచేతిలో రుద్ది వెచ్చబరిచింది. బయట అంతమంది ఎదురుచూస్తున్నా ఆ చిన్న సంగతి మరిచిపోలేదు. తాతయ్య ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. ఈ మనిషికి అబద్ధం ఎలా చెప్పడం?

"జలుబు, దగ్గు?"

"ఏం లేవండీ," అంది కోడలు సంబరంగా. "ఈసారి ఒక్క తుమ్ము కూడా లేదు."

కొడుకు నేలచూపులు చూశాడు.

"మంచిది. ఏదీ తల్లీ, ఒకసారి గట్టిగా దగ్గు."

పిచ్చుక పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. చూశావా, నేను దిగలేదు అన్నట్టు తాతయ్య వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. పెదాల అంచుల్లో నీలం మెల్లగా పాకుతోంది.

తాతయ్య పెద్దగా దగ్గాడు. కావాలనే ఇంకోసారి దగ్గాడు.

"నా స్టాపొచ్చేసిందే పిచ్చుకా, దిగిపోతున్నా. నువ్వూ రా. ఇద్దరం కలిసి దిగుదాం."

కొడుకు "నాన్నా" అన్నాడు.

పిల్ల మాత్రం తాతయ్యనే చూస్తోంది. "మళ్ళీ ఎక్కనిస్తావా?"

"ఎక్కిస్తాను," అన్నాడు. అది ఆయన చేతిలో లేని మాట.

పిచ్చుక నోరు తెరిచింది. ఛాతీ అడుగునుంచి తడిగా, తెరలు తెరలుగా వచ్చింది దగ్గు. కోడలు మొగుడి వైపు తిరిగింది. అతను తలెత్తలేదు.

డాక్టరమ్మ బిళ్ళను పిల్ల వీపు మీదికి జరిపింది. ఒకచోట ఆగింది. తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది.