వెండి అట్ట కింద ఎనిమిది పేజీలు

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అనే పిలిచేవారు. ఆమె పని అలాంటిది. జనం తమ కామిక్ పుస్తకాలను అపురూపంగా చుట్టి పంపిస్తే, ఆమె వాటిని తెల్లటి దీపం కింద పెట్టి, మూల మడత పడిందా, అంచు చిట్లిందా, అట్ట మీద వేలిముద్ర పడిందా అని చూసి, పదికి ఇంత అని ఒక నంబరు వేస్తుంది. తర్వాత ఆ పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అంచులు అతికించేస్తారు. ఇక దాన్ని చూసుకోవడమే తప్ప తెరవడం ఉండదు. తెరవాలంటే పెట్టె పగలగొట్టాలి, పగిలితే ఆ నంబరు చెల్లదు. పుస్తకాన్ని చదవకుండా ఉండడానికి ఇంత హడావిడి చేసే మనుషులు ఉంటారంటే ఆమె నాన్న ఈ పదేళ్లలో ఒక్కరోజు కూడా నమ్మలేదు.

వచ్చేవాటిలో సగానికి పైగా వేరియంట్ అట్టలే. లోపల కథ ఒకటే, బయట బొమ్మ మాత్రం కొన్ని కాపీలకు వేరే. దుకాణంవాళ్లు మామూలు కాపీలు యాభై తెప్పించుకుంటే పబ్లిషర్లు వేరియంట్ ఒకటి చేతిలో పెడతారు. అందుకని అది దొరకడమే గగనం, దొరికినవాడు దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటాడు. చదువుకోవడానికి మామూలు అట్టది ఎలాగూ ఒకటి కొంటాడు కాబట్టి వేరియంట్ కాపీని ఏ మహానుభావుడూ చదవడు. భూతద్దమూ చదవదు. ఆ ఆఫీసులో చేరిన రోజే చెప్పే మాట అది: పేజీలు లెక్కపెట్టు, చదవకు. కథలో పడ్డ కళ్లకు మరకలు కనిపించవు. వెన్ను నలగకుండా రెండు వేళ్ల మందాన తెరిచి, అంచులు చూసుకుంటూ ముప్పై రెండూ లెక్కపెట్టి మూసేయాలి. ఈ పనిలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఈ పుస్తకాల పిచ్చి ఆమెకు మేనత్త నుంచి అంటింది. అత్త ఒకప్పుడు కామిక్స్‌కి బొమ్మలు గీసేది. ‘నీటి కింద పట్నం’ అనే మాసపత్రిక పన్నెండో సంచికకు చివరి ఎనిమిది పేజీలు తనే గీశానని, వాటిలో ఒక్క మాట కూడా లేదని, పోట్లాట లేకపోతే అమ్ముడుపోదని పబ్లిషరు వాటిని తీసేసి ఇంకొకరితో గీయించాడని చెప్పేది. అసలు బొమ్మలు అచ్చు కోసం పంపిందట, అవి తిరిగి రాలేదు. కొన్నాళ్లకు ఆ కంపెనీయే లేకుండా పోయింది. సంచిక ఇంట్లో అందరూ చూశారు. అందులో అత్త గీత ఒక్కటీ లేదు. పన్నెండేళ్ల వయసులో భూతద్దం, ఏదో పెళ్లిలో మామయ్య తన కోతలు కోస్తుంటే, “ఇదీ అత్త ఎనిమిది పేజీల్లాంటిదేనా?” అంది. పందిరంతా ఘొల్లుమంది. ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. ఎవరు గొప్పలు చెప్పినా “ఎన్ని పేజీలు?” అనేవారు, “ఎనిమిది” అని ఇంకొకరు అందుకునేవారు. అత్త కూడా నవ్వేది. ఎప్పుడు నవ్వడం మానేసిందో, ఎప్పుడు ఆ పేజీల ఊసెత్తడమే మానేసిందో ఎవరూ గమనించలేదు. ఆమె మిక్సీలకూ కుట్టుమిషన్లకూ వచ్చే చిన్న పుస్తకాల్లో, ఏ మరను ఎటు తిప్పాలో చూపించే బొమ్మలు గీస్తూ బతుకు వెళ్లదీసింది.

ఇదంతా ఇలా ఉండగా భూతద్దాన్ని చాలా ఏళ్లుగా ఒక చిన్న విషయం తొలుస్తూ ఉంది. ఆ పన్నెండో సంచికకు వెండి రేకు అద్దిన వేరియంట్ అట్ట ఒకటి ఉంది. అలాంటివి ఇప్పటికి ఏడు ఆమె చేతి మీదుగా వెళ్లాయి. ఏడింటికీ వెన్నులో కొట్టిన తీగ రాగి రంగు. మామూలు అట్ట కాపీలు వందలు చూసింది, అన్నింటికీ తెల్ల తీగే. ఒకే ప్రెస్సు, ఒకే నెల, రెండు తీగలు ఎందుకు? నంబరుకు దాంతో పని లేదు. అయినా పంట్లో ఇరుక్కున్న పీచులాగా అది వదిలేది కాదు.

ఒకరోజు కౌంటరు దగ్గరికి ఒక పెద్దాయన సంచీతో వచ్చాడు. ఆ ప్రెస్సులోనే ముప్పై ఏళ్లు బైండరుగా చేశాడట. ఆయన తన పుస్తకాలు బయటపెట్టక ముందే ఆమె తీగ సంగతి అడిగేసింది. ఇన్నేళ్లకు తన పని గురించి అడిగిన మనిషి దొరికేసరికి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రాగి తీగ చుట్ట అయిపోయాక తెల్ల చుట్ట ఎక్కించారని, మధ్యలో వారం రోజులు ఆ పుస్తకం పని ఆగిందని చెప్పాడు. ఎందుకు ఆగిందని అడిగింది.

“కథ చివర మార్చారమ్మా. లోపలి కాగితాలన్నీ మళ్లీ అచ్చేశాం. పాతవి తుక్కుకి వేసెయ్యమన్నారు. అప్పటికే వెండి అట్టలు కుట్టేశాం. ఆ రేకు మళ్లీ దొరకదు. మా సూపర్‌వైజరు అన్నాడు, పోనీరా, వీటిని తెరిచేదెవడు అని.”

భూతద్దం కౌంటరు మీదికి వంగింది. ఆయన సంచీలో వెండి అట్ట ఉందేమోనని అడిగింది. లేదు. పనివాళ్లకు ఇచ్చింది మామూలువే.

ఆ సాయంత్రం ఆమె తన పాత ఫారాలు వెతికింది. ఏడు కాపీల్లో ఆరు దూరదేశాల్లో చేతులు మారి ఎక్కడున్నాయో తెలియదు. ఏడోది ఊళ్లోనే ఉంది, ఒక లెక్కల మాస్టారి దగ్గర. తొమ్మిదీ పాయింట్ ఎనిమిది, ఆ అట్టకు అంత నంబరు వచ్చిన కాపీ అదొక్కటే. కింద సంతకం ఆమెదే. ముప్పై రెండు పేజీలూ సరిగ్గా ఉన్నాయని, తీగ రాగి రంగని తన చేత్తోనే రాసింది. అంటే, బైండరు చెప్పింది నిజమే అయితే, అత్త పేజీలను ఈ వేళ్లతోనే ఒక్కొక్కటీ తిప్పి, ఒక్కటీ చూడలేదు. పైగా ఆ సంచిక చేతికి వచ్చినప్పుడల్లా ఇంట్లో జోకు గుర్తొచ్చి నవ్వుకునేది కూడా. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మాస్టారు రిటైరై చాలా కాలమైంది. ముందు గదిలో గోడ నిండా పెట్టెలే, నడుమ వెండి అట్ట. ఆమె చెప్పిందంతా ఆయన విన్నాడు. విన్నాక కుదరదన్నాడు. తాను దాని కోసం పదకొండేళ్లు తిరిగానని, ఎవరో బైండరుకు ఏదో గుర్తుందని పగలగొట్టుకోలేనని అన్నాడు. కచ్చితంగా ఉన్నాయా అని అడిగాడు. తెలియదని ఆమె ఒప్పుకుంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆమె వచ్చేస్తుంటే ఆయన పెట్టెను కిటికీ వెలుగులోకి ఎత్తి, కాగితాల అంచుల్లోకి ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

మూడో రోజున ఆయనే ఫోన్ చేశాడు.

“ఇన్నాళ్లూ అందులో ఏముందో నాకు తెలుసనుకున్నానమ్మా. ఇప్పుడు తెలీదు. తెలీనిదాన్ని గోడకి పెట్టుకుని ఎదురుగా కూర్చోవడం నా వల్ల కావట్లేదు. ఆదివారం పొద్దున్న మీ అత్తయ్యని తీసుకురా.”

ఎగిరి గంతేయాల్సిన సంగతే. తీరా వెళ్లి చెబితే అత్త ససేమిరా రానంది. కుట్టుమిషను బొమ్మ ఏదో గీస్తూ, తల ఎత్తకుండా, ఇప్పుడు అవన్నీ ఎందుకంది. భూతద్దం బతిమాలింది, కోప్పడింది, చివరికి ఆ జోకు మొదలుపెట్టింది తనేనని, అది తనను తినేస్తోందని చెప్పి ఏడ్చేసింది. అత్త పెన్సిలు కింద పెట్టింది.

“లేకపోతే ఏం చేస్తావే?” అంది. “ఇప్పుడైతే మీరు నమ్మరు, అంతే. తెరిచి చూశాక లేవనుకో, నాకే అనుమానం మొదలవుతుంది. ఇప్పటికే అప్పుడప్పుడూ అనిపిస్తుంది, నిజంగా గీశానా అని.”

ఆదివారం ఉదయం భూతద్దం ఒంటరిగానే బయల్దేరుతుంటే, అత్త చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

మాస్టారు బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, ఒక చిన్న కటింగ్ ప్లయర్ పెట్టి సిద్ధంగా ఉన్నాడు. పెట్టె మూల దాంతో తానే కత్తిరించాడు. పటుక్కుమని శబ్దం వచ్చినప్పుడు ముఖం చేదు మాత్ర మింగినట్టు పెట్టాడు కానీ చెయ్యి ఆపలేదు. నాలుగు మూలలూ విడిపోయాక పుస్తకాన్ని ముట్టుకోకుండా భూతద్దం వైపు జరిపాడు.

ఆమె అలవాటు కొద్దీ రెండు వేళ్ల మందాన తెరిచింది. మాస్టారు పూర్తిగా తెరవమన్నాడు. ఎలాగూ చెడింది, చదువుదాం అన్నాడు. ఆమె వెన్ను నొక్కి పుస్తకాన్ని బల్ల మీద పరిచింది. ఆమె పదేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని అది. మొదటి పేజీ నుంచి చూసుకుంటూ వచ్చారు. పది, ఇరవై, ఇరవై మూడు, అంతా అందరికీ తెలిసిన కథే. కథలోని ఈతగత్తె నీటి అడుగున మూసి ఉన్న పెద్ద తలుపు దగ్గరికి చేరుకుంటుంది. ఇరవై నాలుగో పేజీ తర్వాత మామూలు కాపీలో ఆమె ఆ తలుపును బద్దలుకొట్టి కత్తి దూస్తుంది. అత్త కిటికీ వైపు చూస్తూ నిలబడింది. భూతద్దం కాగితం తిప్పింది.

ఈతగత్తె తలుపు మీద అరచెయ్యి ఆనించి ఉంది. మాట లేదు. తర్వాతి పేజీలో చెవి ఆనించింది. ఆ తర్వాత తలుపు సందులోంచి వెలుగు. కత్తి లేదు, పోట్లాట లేదు. ఆమె లోపలికి తొంగి చూస్తోంది, అంతే. లోపల వీధులు, గిన్నెలు, ఆరేసిన బట్టలు, నీళ్లలో నెమ్మదిగా కదులుతున్న ఒక ఉయ్యాల. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన పదకొండేళ్లు వెతికి తెచ్చుకున్న పుస్తకాన్ని ఇప్పుడే మొదటిసారి చదువుతున్నాడు.

“అత్తా, రా” అంది భూతద్దం.

అత్త వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది. కాగితం వెనక్కి తిప్పి, తలుపు మీద ఉన్న అరచేతి దగ్గర వేలు పెట్టింది. “బొటనవేలు తప్పు గీశాను” అంది. “ఇప్పుడైతే ఇలా గీయను.” మాస్టారు కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

భూతద్దం మిగిలిన కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. ఈసారి అంచులు చూడలేదు, మరకలు చూడలేదు. చివరి పేజీలో ఈతగత్తె లోపలికి అడుగుపెట్టి తలుపును తెరిచే ఉంచింది. అక్కడితో అయిపోయింది. అయినా పదేళ్ల అలవాటు ఊరుకోదు కదా, ఆమె వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టి, ఒక్కో పేజీ మీదా వేలు ఆనిస్తూ లెక్కపెట్టింది.

“ఎనిమిది అత్తా” అంది.

అత్త కళ్లు తుడుచుకుంది. “మీ నాన్నకి ఫోన్ చెయ్యి” అంది. “ఎన్ని పేజీలని అడగమను.”