తుమ్ము దగ్గర్నుంచి

మైకు పేరెత్తితే చాలు, స్తుతికి నోట్లో తడి ఆరిపోతుంది. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనే మాట కూడా ఆమె నోటినుంచి సగమే బయటికి వస్తుంది. మిగతా సగం లెక్చరర్ గారు తల ఎత్తి, బెంచీలో మనిషి ఉందో లేదో చూసి తెలుసుకోవాలి. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటుంది. అక్కడ మాత్రం ఆమెకు అడ్డూ ఆపూ లేదు.

అలాంటి పిల్ల నెత్తిన ఆ యేడు కోతపండగ వంతు వచ్చి పడింది.

కోతపండగ నాడు వాళ్ళ చర్చిలో జనం తమ పంటలో తొలి భాగం తెచ్చి ముందు పెడతారు. మిరపకాయల బస్తా, పత్తి మూట, గుమ్మడికాయ, కోడిపుంజు, ఎవరికి ఏదుంటే అది. వాటిని వేలం వేసేముందు, వీధి వరసలో ఒక ఇంటినుంచి ఒక పిల్లో పిల్లాడో లేచి, ఆ యేడు కోత ఎలా సాగిందో మైకులో చెప్పాలి. ఈసారి వరస పుల్లమ్మ ఇంటి దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో పిల్ల అంటే పుల్లమ్మ మనవరాలు స్తుతి ఒక్కతే.

"మా ఇల్లు దాటేసి పక్కింటికి పోకూడదా అమ్మగారూ?" అని పాస్టరమ్మగారిని బతిమాలింది స్తుతి. ఆ మాటలు వినడానికి పాస్టరమ్మగారు ముందుకు వంగి చెవి పెట్టాల్సి వచ్చింది.

"దాటితే మీ నాయనమ్మ నన్ను బతకనిస్తుందా? 'మా ఇంటి పిల్ల మూగదనుకున్నారా' అని నా మీదికే వస్తుంది."

"పోనీ, వీడియో చేసి చూపిస్తే? పాటలు వేసే తెర మీద?"

పాస్టరమ్మగారు ఆలోచించింది. "బాగానే ఉంటుంది. కానీ స్తుతీ, ఆదివారం వీడియో తెర మీద పడకపోతే మైకు నీ చేతిలో పడుతుంది. మళ్ళీ ఏడవకూడదు."

సరేనని తల ఊపి వచ్చేసింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, తనకు వీడియో తీయడం వచ్చుగానీ చేయడం రాదని.

దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నాన్న ఇచ్చిన పాత ఫోన్ పట్టుకుని, సెలవురోజున నాయనమ్మ వెంట కోటిరత్నంగారి మిరప చేలోకి వెళ్ళింది. అక్కడ కాయలు కోసే ఆడవాళ్ళంతా చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, కోరు రాకుండా, అంటే కారం ఘాటుకు తుమ్ములు రాకుండా, తలకూ ముక్కుకూ తువ్వాళ్ళు చుట్టుకుని ఉన్నారు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు.

"ఏమే స్తుతీ, ఈ ఏషంలో నన్ను తీస్తే నేనని ఎవురికి తెలుసుద్దే?" అంది ఒకామె.

"నీ నోరు ఇంటే తెలుసుద్దిలే!" అంది ఇంకొకామె. చేనంతా నవ్వింది.

పుల్లమ్మ పాట ఎత్తుకుంది. ఆమెకు పాటలు నేర్చుకోవడం రాదు, కట్టడమే వచ్చు.

"మొదటి కోత నాదంట, మూట బరువు నీదంట" అని ఒక చరణం కట్టి, ఆ మూట ఎవరి నెత్తికెత్తాలో పేరు పెట్టి పాడుతుంది. పేరు వచ్చిన మనిషి తిడుతుంది. పాట సాగుతూనే ఉంటుంది.

సాయంత్రం దాకా స్తుతి అన్నీ తీసింది. చేతులు, బుట్టలు, కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు, ఆ కాయల మధ్య కూర్చుని తాలు ఏరే నాయనమ్మ. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు. అవి కలిస్తే మంచి కాయకు ధర రాదని విడిగా కుప్ప పోస్తారు. స్తుతికి చిన్నప్పటినుంచీ ఆ పని కొట్టిన పిండి.

మర్నాడు నజీరా దగ్గరికి వెళ్ళింది. నజీరా రెండు వీధుల అవతల ఉంటుంది. ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్ళన్న సలీంకి తుళ్లూరులో ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలు ఎక్కువైనప్పుడు నజీరా కూడా కూర్చుని కత్తిరిస్తుంది.

"ఇటివ్వు" అని ఫోన్ తీసుకుంది నజీరా. నాలుగు క్లిప్పులు చూసింది. ముంగురులు సర్దుకుంటూ కన్ను నలుపుకుంది. మరుక్షణం ఎగిరి గంతేసింది.

"అమ్మో! ఏం పూశావే దీనికి?"

"నేనేం పూయలేదక్కా! నిన్నంతా కల్లంలో ఉన్నా కదా..."

"నీ ఫోన్‌కి కూడా కారం పట్టిందే తల్లీ!"

వాళ్ళమ్మ లాల్‌బీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నజీరా కన్ను కడుక్కుంది, ఫోన్ తుడిచింది, చేతులు కడుక్కుంది, మళ్ళీ ఫోన్ తుడిచింది. ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా పెట్టుకుని పాఠం మొదలుపెట్టింది.

"చూడు. ఈ కింద పట్టీ ఉందే, ఇదే టైమ్‌లైను. నీ క్లిప్పులన్నీ ఇక్కడ ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ఎడమనుంచి కుడికి, మనం చదివినట్టే. మధ్యలో తెల్ల గీత ఉందా? అది ఎక్కడుంటే పైన ఆ బొమ్మ కనపడుద్ది. ఎక్కడ కొయ్యాలో అక్కడ గీత ఆపి, స్ప్లిట్ నొక్కు."

స్తుతి నొక్కింది. ఒక క్లిప్పు రెండయింది. చేతిలో కొడవలి ఉన్నట్టు ఒళ్ళు జలదరించింది.

"ఇంతేనా?"

"ఇంతే. వద్దనుకున్న ముక్క డిలీట్. మొదలూ చివరా తగ్గించాలంటే కొస పట్టుకుని లోపలికి జరుపు, అది ట్రిమ్. ముక్కలు ముందూ వెనకా మార్చాలంటే వేలితో అదిమి పట్టి లాగు. తప్పు చేస్తే ఇదిగో ఈ వంకర బాణం, వెనక్కి తెస్తుంది. కన్ను తప్ప అన్నీ వెనక్కొస్తాయి" అంది నజీరా, ఎర్ర కన్ను తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి స్తుతి పనిలో దిగింది. క్లిప్పుల్ని చూస్తే కల్లంలో కాయల్లాగే కనపడ్డాయి. చేతులన్నీ ఒకచోట చేర్చింది, బుట్టలన్నీ ఒకచోట, ఎర్ర కాయలన్నీ ఒకచోట. కుప్పలు పెట్టాక తాలు ఏరడం మొదలుపెట్టింది. తుమ్మితే తీసేసింది. దగ్గితే తీసేసింది. తిడితే తీసేసింది. బొమ్మ ఊగితే తీసేసింది. అన్నిటికంటే ముందు, కెమెరా వెనకనుంచి తన గొంతు వినపడ్డ ప్రతిచోటా వెంట్రుకవాసి కూడా మిగలకుండా కోసేసింది. అది చూసుకుంటే ఆమెకే ముచ్చటేసింది. ఒక్క తాలు కాయ లేదు.

పుల్లమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చూసింది. చేతులు, చేతులు, చేతులు. బుట్టలు, బుట్టలు. తర్వాత తెర మీద తనే కనపడి, "రాకేం? అలవాటైపోయింది" అంది. మళ్ళీ కాయలు. అయిపోయింది.

"ఇందులో నేను ఎవురితో మాట్టాడుతున్నానే?"

"నాతోనే నాయనమ్మా."

"నువ్వు యాడున్నావు మరి? పిచ్చిదాన్లాగా గాల్లోకి చూసి 'రాకేం' అంటన్నాను. ఏది రాకేం? ఎందుకు రాకేం?" పుల్లమ్మ ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసింది. "తుమ్ములేయి? ఒక్కళ్ళు కూడా తుమ్మలేదే! ఇది మన చేను కాదులే. ఎవురిదో చేను తీసుకొచ్చావు."

స్తుతి ముఖం వాడిపోయింది. ఆ రోజు శనివారం. తెల్లారితే పండగ. ఇది వేస్తే నాయనమ్మే లేచి మా చేను కాదంటుంది. వేయకపోతే మైకు. పరుగున నజీరా ఇంటికి వెళ్ళింది.

"అన్నీ కోసేశానక్కా. పోయాయి. వంకర బాణం నొక్కితే కూడా రావట్లేదు."

నజీరా వీడియో చూసి నవ్వాపుకుంది. "చాలా శుభ్రంగా ఉంది. మిర్చి యార్డుకు తోలెయ్యొచ్చు."

"అక్కా!"

"సరే, ఏడవకు. కోస్తే పోవడానికి ఇదేమన్నా మిరపకాయా? నువ్వు కొస లోపలికి జరిపావు, అంతే. అసలు క్లిప్పు నీ గ్యాలరీలో చెక్కుచెదరకుండా ఉంది." నజీరా పుల్లమ్మ 'రాకేం' ముక్క కొస పట్టుకుని బయటికి లాగింది. ముక్క సాగింది. మాయమైనవన్నీ ఒకదాని వెనక ఒకటి తిరిగొచ్చాయి. నజీరా గీతను మొదటికి తెచ్చి నొక్కింది.

ముందు సన్నటి గొంతు: "నాయనమ్మా, నీకు కోరు రాదా?"

పుల్లమ్మ కాయలు ఏరుతూనే అంది: "రాకేం? అలవాటైపోయింది. అయినా నీ నోటికంటే నా ముక్కు నయమే. అదైనా అప్పుడప్పుడు పలుకుద్ది."

ఆ మాట పూర్తవుతూనే కల్లం అదిరేలా తుమ్మింది. ఆ తుమ్ము అందుకుని పక్కామె తుమ్మింది. ఆ పక్కామె తుమ్మింది. బొమ్మ గజగజ ఊగింది. ఆ ఊపులో ఒక పెద్ద నవ్వు, తెరలు తెరలుగా, ఆగకుండా.

"ఈ నవ్వు ఎవరిది?" అంది నజీరా.

స్తుతి నేల చూసింది. "నాదే."

"నీకు ఇంత నవ్వుందా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?"

"ఇది తీసేద్దాం అక్కా. చర్చి అంతా వింటారు."

"తీసెయ్. మామ్మ మళ్ళీ గాలితో మాట్లాడుద్ది." నజీరా ఫోన్ ఆమె ఒళ్ళో పెట్టింది. "ఇంకోటి చెప్తా విను. బొమ్మనుంచి శబ్దాన్ని విడదీయొచ్చు. విడదీస్తే అది కింద ఇంకో పట్టీలో కూర్చుంటుంది. మామ్మ పాట అలా కింద పరిచెయ్. పైన బొమ్మలు ఎన్ని మారినా పాట ఆగదు. నవ్వు సంగతి మాత్రం నువ్వే చూసుకో. అమ్మ పిలుస్తోంది." అని లోపలికి వెళ్ళింది.

వరండాలో స్తుతి ఒక్కతే మిగిలింది.

ముందు పాట పరిచింది. కుప్పలు చెరిపేసింది. చేయి తర్వాత బుట్ట, బుట్ట తర్వాత నెత్తి మీద మూట, మూట తర్వాత కల్లం, ఆ రోజు ఎలా జరిగిందో అలాగే పేర్చింది. పాటలో పేరు వచ్చిన మనిషి తిట్టు దొరికింది, అదీ పెట్టింది. చివరికి నవ్వు దగ్గరికి వచ్చి గీత ఆపింది. స్ప్లిట్ నొక్కింది. డిలీట్ నొక్కింది. నవ్వు లేకుండా చూసింది. నాయనమ్మ తుమ్మాక అంతా చప్పగా ఉంది, ఎవరో వచ్చి గద్దించి కూర్చోబెట్టినట్టు. వంకర బాణం నొక్కింది. నవ్వు వచ్చింది. వింటూ వింటూ తనకే నవ్వొచ్చింది. ఫోన్లో ఒక స్తుతి, వరండాలో ఒక స్తుతి, ఇద్దరూ కలిసి నవ్వుతుంటే లోపలినుంచి లాల్‌బీ "ఏందమ్మా, అంత సంబరం?" అని అడిగింది.

వీడియో పూర్తి చేసే ఎక్స్‌పోర్ట్ నొక్కేసింది. మళ్ళీ మనసు మారకముందే.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ముందు బల్ల నిండా గుమ్మడికాయలు, పత్తి మూటలు. కాళ్ళు కట్టిన పుంజు ఒకటి ప్రార్థన మధ్యలో కూసింది. సంఘపెద్ద జక్రయ్య, నజీరా వీడియో ఎక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవ్ తీసుకుని లాప్‌టాప్‌కి పెట్టాడు. స్తుతి వెనక స్తంభం చాటున కూర్చుని చున్నీ కొస నలుపుతోంది.

తెర వెలిగింది. పాట మొదలైంది. చొక్కాలు తొడుక్కున్న ఆడవాళ్ళు కనపడగానే "అదిగో నేను!" "నువ్వు కాదే, అది నా చొక్కా!" అని కేకలు. తిట్టు వచ్చినప్పుడు పాస్టరమ్మగారు చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చర్చి పెద్ద బాక్సుల్లోంచి ఆ సన్నటి గొంతు వినపడింది. నాయనమ్మా, నీకు కోరు రాదా?

స్తుతి కళ్ళు మూసుకుంది.

పుల్లమ్మ మాట. పుల్లమ్మ తుమ్ము. ఆ వెనక వరసగా తుమ్ములు. ఆ పైన నవ్వు. కళ్ళు మూసుకున్న స్తుతికి ఎక్కడ తన నవ్వు ఆగి, ఎక్కడ చర్చి నవ్వు మొదలైందో తెలియలేదు. అతుకు కనపడకుండా కలిసిపోయాయి.

"మళ్ళీ ఎయ్యండి!" అని ముందునుంచి పుల్లమ్మ అరిచింది. "మళ్ళీ! మళ్ళీ!" అన్నారు పిల్లలంతా.

జక్రయ్య అవీ ఇవీ నొక్కాడు. తెర మీద తెలుగు బైబిలు వచ్చింది, తర్వాత ఎవరిదో పెళ్ళి శుభలేఖ వచ్చింది. ఆయన చేతులెత్తేశాడు. "ఇది నాకు లొంగట్లేదు. ఇది చేసిన పిల్ల యాడుంది? రామ్మా, వచ్చి ఎనక్కి తిప్పు!"

నజీరా అయితే ఇంతసేపు పట్టేదా అనుకుంటూ స్తుతి లేచింది. దారిలో ఎవరి చూపులున్నాయో చూడలేదు. ఆమె చూపంతా లాప్‌టాప్ మీదే. వీడియో తెరిచింది. కింద పట్టీ కనపడింది. మౌసును గీత మీదికి తెచ్చి, జనం వైపు తిరిగింది.

"మొదటినుంచా, తుమ్ము దగ్గర్నుంచా?"

ఆ మాట నాలుగు బాక్సుల్లోంచీ గట్టిగా, పూర్తిగా వచ్చింది. లాప్‌టాప్ పక్కనే మైకు ఉంది. ఆన్‌లో ఉంది. ఎదురుగా పాస్టరమ్మగారు ముసిముసిగా నవ్వుతోంది.

ముందు వరసలో పుల్లమ్మ లేచి నిలబడి, వెనక వరసలవైపు తిరిగి, "ఇన్నారా?" అన్నట్టు అందరినీ చూస్తోంది.

"తుమ్ము దగ్గర్నుంచే!" అని చర్చి అంతా ఒక్క గొంతుతో అరిచింది.

"అయితే కొంచెం వెనక్కి జరుపుతా. నా ప్రశ్న కూడా ఉండాలి" అంది స్తుతి మైకులో, గీతను ఎడమకు లాగుతూ.